వసారా స్తంభాలకు పుచ్చు తీయకుండానే రంగు వేసి వెళ్లిన మీ పనిపై ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

అమలాపురం దగ్గర మా పెంకుటింట్లో వసారా స్తంభాల్లో రెండు, వీధి గుమ్మం గడపా పుచ్చిపోతే బాగుచేసే పని మీ కంపెనీకి అప్పజెప్పాం. పుచ్చినంత మేరా కోసేసి కొత్త టేకు అతుకు వేస్తామని కొటేషన్‌లో మీరే రాశారు. 46 వేలు కట్టించుకున్నారు. స్తంభాలకు చేసింది మాత్రం పుట్టీ పెట్టి రంగు వేయడం, అంతే.

వానలు మొదలవగానే రంగు ఉబ్బింది. ఎడమవైపు స్తంభం మొదట్లో స్క్రూడ్రైవర్ పెట్టి కాస్త నొక్కితే పిడి దాకా దిగిపోయింది. పుట్టీ పెచ్చు ఊడదీసి చూస్తే లోపల కర్ర ముదురు గోధుమరంగులోకి మారి, అడ్డంగా నిలువుగా పగిలి, వేళ్లతో నలిపితే పొడైపోతోంది. అక్కడ ఉలి పడనే లేదు. పుచ్చును అలాగే ఉంచి పైన కప్పెట్టారు.

మీ సూపర్‌వైజర్‌కి ఫోన్ చేస్తే "చెదలండీ, కోనసీమలో ఏ కర్రైనా ఇంతే" అన్నారు. చెదలు కాదండీ, చెదమట్టి ఎక్కడా లేదు. ఇది తడికి బూజులాంటి శిలీంధ్రం పట్టి తినేసిన కర్ర, కర్రలో తేమ 20 శాతం దాటి అలాగే నిలిచిపోతే వచ్చేది. అదే వసారాలో చూరు నీళ్లు తగలని మూడో స్తంభం మా తాతగారి నాటిది, ఇప్పటికీ దానికి మేకు దిగదు. మరి ఆ చూరు నీళ్లను పక్కకు మళ్లించకపోగా స్తంభాల మొదళ్ల చుట్టూ సిమెంటు గట్టు కట్టి వెళ్లారు. ఇప్పుడు వాన నీళ్లు అందులోనే నిలిచి కర్ర అడుగు నుంచి నానుతోంది.

గడప కొత్తదే వేశారు, కానీ అడుగు వైపు, కోసిన చివర్లకు నూనె గానీ ప్రైమర్ గానీ పట్టించలేదు. మా అమ్మ అడిగితే "అది కనపడదు కదమ్మా" అన్నారట. కర్ర నీళ్లు ఎక్కువ పీల్చేదే ఆ కోసిన చివర్ల నుంచి. ప్రతి శుక్రవారం కడిగి పసుపు రాసే గడప అది. అప్పుడే ఉబ్బి తలుపు పట్టేస్తోంది.

ఆ స్తంభాల మీదే వసారా దూలం ఆనుకుని ఉంది, సాయంత్రాలు అమ్మ కూర్చునేది దాని కిందే. గాలివాన వస్తే నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

కాబట్టి దూలానికి జాకీలు పెట్టి, గట్టి చేవ తగిలేదాకా కోసి, చేవ టేకుతోనే అతుకు వేయండి. సిమెంటు గట్టు పగలగొట్టి స్తంభాల కింద రాతి దిమ్మలు పెట్టండి. చూరుకు రేకు కాలువ కట్టి నీళ్లు దూరంగా పడేలా చూడండి, దానికి రేకు ఖర్చు నేనిస్తాను. గడప ఊడదీసి చివర్లకు ప్రైమర్ పట్టించాలి. మిగతా దేనికీ రూపాయి కూడా అదనంగా ఇవ్వను. కుదరదంటే 46 వేలూ వెనక్కి ఇచ్చేయండి, ఇక్కడి వడ్రంగి చేత చేయించుకుంటాను.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో కేసు కూడా వేస్తాను. కొటేషన్, బిల్లు, ఫోటోలు దీనితో జతచేశాను. మనుషుల్ని పంపే ముందు రోజు ఫోన్ చేయండి, ఈసారి పని జరిగినంతసేపూ నేను దగ్గరే ఉంటాను.