2025 వార్షిక నివేదిక: పన్నెండో డిస్ట్రిక్ట్‌ను వెతుక్కుంటూ

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, ఈ సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారం. నియమావళి ప్రకారం కార్యదర్శి ఏటా నివేదిక సమర్పించాలి కనుక, అంతకంటే ముఖ్యంగా ఈ ఏడాది పని ఎవరి చేతుల మీదుగా జరిగిందో రికార్డులో ఉండాలి కనుక, ఈ నాలుగు పుటలు మీ ముందు ఉంచుతున్నాను. మన పాఠక సంఘం ఆశయాలు మీకు తెలిసినవే. వాటిని ఇక్కడ మళ్ళీ వల్లె వేయను.

మన పిల్లలు గది తలుపులు మూసుకుని ఇంగ్లీషులో చదివే పుస్తకాల గురించి పెద్దలం వారితో కూర్చుని తెలుగులో మాట్లాడుకోవాలని గత సమావేశంలో తీర్మానించాం. అందుకు సుజాన్ కాలిన్స్ రాసిన ‘హంగర్ గేమ్స్’ నవలలను ఎంచుకున్నాం. పానెం అనే కల్పిత దేశంలో రాజధాని పట్టణం తన కింద ఉన్న పన్నెండు డిస్ట్రిక్ట్‌ల నుంచి ఏటా చీటీలు తీసి ఒక్కో అబ్బాయిని, ఒక్కో అమ్మాయిని క్రీడారంగంలోకి పంపి, ఒక్కరు మిగిలే దాకా చంపుకోమనే కథ అది. 2008, 2009, 2010లలో మొదటి మూడు భాగాలు, 2020లో నాలుగోది వచ్చాయి. ఐదోది మనం చదవడం మొదలుపెట్టిన ఈ 2025 మార్చిలోనే వచ్చింది. కథానాయిక కాట్నిస్ పుట్టిన పన్నెండో డిస్ట్రిక్ట్ ఒకప్పుడు అపలాచియా అని పిలిచిన ప్రాంతమేనని మొదటి పుస్తకంలోనే ఉంది. ఆ కొండల దక్షిణ భాగంలో కొంత మన నార్త్ కరోలినాలోనే ఉన్నప్పుడు, ఇన్నేళ్ళుగా ఇక్కడ ఉంటూ వాటిని శరదృతువులో రంగు మారిన ఆకులను ఫొటోలు తీసుకోవడానికి తప్ప ఎరగని మనకు ఇంతకంటే తగిన పుస్తకం దొరకదని కార్యవర్గం భావించింది.

పిల్లలు పిల్లలను చంపుకునే కథ మన సంఘానికి ఎందుకని ఫిబ్రవరిలో ఇద్దరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. ఏథెన్స్ నగరం ఏడుగురు అబ్బాయిలను, ఏడుగురు అమ్మాయిలను క్రీట్ ద్వీపంలోని మినోటార్‌కు ఆహారంగా పంపిన గ్రీకు పురాణగాథ ఈ నవలకు ఒక మూలమని రచయిత్రే చెప్పారు. మనకు అంత దూరం పోవలసిన పని కూడా లేదు. ఏకచక్రపురంలో వంతు వచ్చిన ఇంటి నుంచి బండెడు అన్నంతో బకాసురుడి దగ్గరికి మనిషిని పంపే కథను మనమే పిల్లలకు ముద్దలు కలిపి పెడుతూ చెప్పాం. అక్కడ బ్రాహ్మణుడి ఇంటి వంతుకు భీముడు వెళ్తాడు, ఇక్కడ పన్నెండేళ్ళ చెల్లెలు ప్రిమ్‌రోజ్ వంతుకు అక్క వెళ్తుంది. తేడా అల్లా, భీముడికి తను గెలుస్తానని తెలుసు. ఈ మాట అన్నది నేను కాదు, పదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి. ఆ తరువాత అభ్యంతరం మళ్ళీ వినబడలేదు.

మార్చి, ఏప్రిల్, మే నెలల సమావేశాలు పూర్తిగా పేర్ల మీదే సాగాయి. పానెం అనే దేశం పేరు రోమన్ కవి జువెనల్ తన ప్రజలను దెప్పిపొడిచిన ‘రొట్టె, వినోదం’ అనే మాటలోని రొట్టె అని తేలగానే పిల్లలకు వేట రుచి తగిలింది. నవలలోని సినా, సెనెకా, సీజర్, ప్లూటార్క్ పేర్లన్నీ రోమన్ కాలానివేనని ఎవరైనా చెప్పగలరు గాని, పానెం అధ్యక్షుడు స్నో మొదటి పేరైన కొరియోలానస్ దగ్గర మా చర్చ గంటన్నర నడిచింది. ఆ పేరుగల రోమన్ సేనాని, సామాన్యులు తమ హక్కులు వదులుకుంటే తప్ప వారికి ధాన్యం ఇవ్వరాదని వాదించిన మనిషి. అతని చరిత్ర రాసినవారిలో ప్లూటార్క్ ఒకడు. నవలలో పేద పిల్లలు కాస్త ధాన్యం, నూనె కోసం చీటీల్లో తమ పేరు అదనంగా వేయించుకునే టెస్సెరా పద్ధతి కూడా గాలిలోంచి పుట్టింది కాదు; రోమ్‌లో ప్రభుత్వ ధాన్యం తీసుకోవడానికి చూపించవలసిన బిళ్ళను టెస్సెరా అనేవారు. ‘అంటే రేషన్ కార్డే కదా’ అన్నారు మన ఉపాధ్యక్షులు, ఒక్క మాటలో.

ఊరివారి పేర్ల దారి వేరు. రాజధాని పట్టణం పేర్లు రాజులవీ సేనానులవీ అయితే పన్నెండో డిస్ట్రిక్ట్ పేర్లు మొక్కలవీ తిండివీ. పీటా రొట్టెలు కాల్చే ఇంటి అబ్బాయి, అతని పేరు పలికితే ఒక రొట్టె పేరే వినబడుతుంది. పదకొండో డిస్ట్రిక్ట్ నుంచి వచ్చిన చిన్న పిల్ల రూ పేరు పసుపుపచ్చ పూలు పూసే ఒక మొక్కది. అది మన సదాపాకు అని తెలిసినప్పుడు, పురిటింట్లో ఆ ఆకు వాసన గుర్తున్న అమ్మమ్మలు ముగ్గురు ఒక్కసారే మాట్లాడారు. ఇంగ్లీషులో ఆ మాటకు పశ్చాత్తాపం అన్న అర్థం కూడా ఉందని పిల్లలు వారికి చెప్పారు. కాట్నిస్ ఇంటిపేరు ఎవర్‌డీన్ మాత్రం థామస్ హార్డీ 1874 నాటి నవలలోని కథానాయిక బాత్‌షీబా నుంచి తీసుకున్నది. నాలుగో పుస్తకంలోని పాటగాళ్ళ బృందంలో లూసీ గ్రే వర్డ్స్‌వర్త్ కవిత నుంచి, బార్బ్ అజ్యూర్ పాత బల్లాడ్ (కథాగేయం) బార్బరా అలెన్ నుంచి వచ్చారు. సెసిల్ షార్ప్ అనే ఆంగ్లేయుడు 1916 నుంచి 1918 వరకు ఈ కొండల్లో తిరుగుతూ అటువంటి పాటలనే సేకరించాడు. మన రాష్ట్రంలోని మాడిసన్ కౌంటీ గడపలు కూడా తొక్కాడు.

పన్నెండో డిస్ట్రిక్ట్ బొగ్గు తవ్వే ప్రాంతం కనుక జూన్ సమావేశం బొగ్గు గురించి. కాట్నిస్ తండ్రి గని పేలుడులో పోతాడు. 1907 డిసెంబరు 6న వెస్ట్ వర్జీనియాలోని మోనంగాలో పేలుడు జరిగి అధికారిక లెక్కల ప్రకారమే 362 మంది చనిపోయారు; ఈ నవలల మూడో భాగం వెలువడిన 2010లోనే, ఏప్రిల్ 5న, అదే రాష్ట్రంలో అప్పర్ బిగ్ బ్రాంచ్ గనిలో 29 మంది పోయారు. 1921లో బ్లెయిర్ పర్వతం దగ్గర వేలాది గని కార్మికులు మెడకు ఎర్ర రుమాళ్ళు కట్టుకుని తుపాకులతో కదిలారు. ఈ సంగతులన్నీ పిల్లలు బోర్డు మీద రాస్తుండగా, చిన్నతనంలో బొగ్గుగని కాలనీలో పెరిగిన మన సభ్యురాలు ఒకరు లేచి, వేళ కాని వేళ సైరన్ మోగితే పొయ్యి మీద గిన్నె అలాగే వదిలేసి ఆడవాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడేవారని, ఎవరూ ఎవరినీ ఏమీ అడిగేవారు కాదని చెప్పారు. ఆ రోజు మిగతా కార్యక్రమం కుదించవలసి వచ్చింది. అందుకు నాకు విచారం లేదు.

ఇక ఈ సంఘం గర్వంగా చెప్పుకోదగిన ఆగస్టు యాత్ర. 2012లో విడుదలైన మొదటి సినిమాను ఎక్కువగా మన రాష్ట్రంలోనే తీశారు. పన్నెండో డిస్ట్రిక్ట్‌గా చూపించిన ఊరు బర్క్ కౌంటీలో హిల్డెబ్రాన్ దగ్గరున్న హెన్రీ రివర్ మిల్ విలేజ్. 1905లో నూలు మిల్లు కోసం కట్టిన ఊరు అది. మిల్లు మూతపడింది, 1977లో దాని భవనం కాలిపోయింది. ఇప్పుడు వాలు మీద వరుసగా కొయ్య ఇళ్ళు, వాటి నడుమ రెండంతస్తుల ఇటుక కట్టడం మిగిలాయి. ఆ ఇటుక కట్టడమే ఒకప్పటి కంపెనీ దుకాణం, సినిమాలో పీటా వాళ్ళ రొట్టెల దుకాణం.

బొగ్గు ఊరుగా నూలు ఊరిని చూపించడం మోసం కాదా అని బస్సులో వాదన వచ్చింది. నా అభిప్రాయంలో కాదు. బొగ్గయినా నూలయినా ఇల్లు కంపెనీది, దుకాణం కంపెనీది. గని ఊళ్ళలో కూలి కూడా ఆ దుకాణంలో మాత్రమే చెల్లే బిళ్ళల రూపంలో ఇచ్చేవారు. అటువంటి దుకాణాన్నే, ఆకలితో ఉన్న పిల్లకు మాడిన రొట్టె విసిరిన పిల్లవాడి ఇల్లుగా మార్చారు సినిమావారు. తెలిసి చేశారో తెలియక చేశారో గాని బాగా కుదిరింది. అందరూ ముందువైపు ఫొటోలు దిగుతుంటే ఒక అమ్మాయి మాత్రం ఒంటరిగా వెనకవైపుకు వెళ్ళింది. ఏం చూస్తున్నావమ్మా అంటే, ఆపిల్ చెట్టు అంది. పుస్తకంలో వానలో తడుస్తూ కాట్నిస్ కూలబడింది ఆ చెట్టు కిందనే. చెట్టు లేదని ఆ పిల్ల చిన్నబుచ్చుకుంది. పుస్తకాన్ని ఇంత శ్రద్ధగా చదివిన సభ్యులు పెద్దల్లో ఎందరున్నారో నేను లెక్కపెట్టను.

మర్నాడు డుపాంట్ అడవిలో, క్రీడారంగం దృశ్యాలు కొన్ని తీసిన ట్రిపుల్ ఫాల్స్ చూశాం. మూడు అంచెలుగా దిగే నీరు అది. దారిలో ఒక చెరువు అంచున బురదలో నిలబడిన మొక్కను మన వృక్షశాస్త్రం మాస్టారు చూపించారు. బాణపు ములికిలా మూడు కొనలున్న ఆకు, తెల్లని మూడు రేకుల పువ్వు. చామాకులా ఉందే అన్నారు ఒకావిడ, చామలాగే దీనికీ బురదలో తినదగిన దుంప ఉంటుంది. దాని శాస్త్రీయ నామం సాజిటేరియా, ధనూరాశికి ఇంగ్లీషులో ఉన్న పేరూ అదే ధాతువు నుంచి వచ్చింది. ఇంగ్లీషులో దీనికే కాట్నిస్ అని ఇంకో పేరు. నిన్ను నువ్వు వెతుక్కోగలిగితే ఆకలితో చావవని నవలలో కాట్నిస్‌కు తండ్రి చెప్పిన పరిహాసం అప్పటికి మా అందరికీ అర్థమైంది. దుంప తవ్వబోయిన ఇద్దరు అబ్బాయిలను ఆపడానికి నేనే బురదలో దిగవలసి వచ్చిందని కూడా నమోదు చేస్తున్నాను.

ఇప్పుడు చెప్పక తప్పని మాట. యాత్రకు స్వచ్ఛందంగా పనిచేస్తామని మే నెలలో 14 మంది చేతులెత్తారు. ఆ ఉదయం బస్సు దగ్గరికి వచ్చినవారు ముగ్గురు. వాట్సాప్‌లో బొటనవేళ్ళు లేచినంత సులువుగా మంచినీళ్ళ పెట్టెలు లేవవు. తరువాతి సమావేశానికి హాలు ఇస్తామన్న ఒక కార్యాలయం వారు మా ఉత్తరాన్ని నెలల తరబడి రేపు మాపు అంటూ నానబెట్టి, కాలికి బలపం కట్టుకుని తిరిగిన మన సంయుక్త కార్యదర్శితో చివరకు అటువంటి ఉత్తరమే అందలేదన్నారు. ఆ సమావేశం ఒక సభ్యుల ఇంటి గరాజులో జరిగింది. ఉత్తరం నకలు నా దగ్గర ఉంది.

జమాఖర్చులను కోశాధికారి గారు విడిగా సమర్పిస్తారు. బస్సు అద్దె వల్ల కొద్దిపాటి లోటు ఉన్నా సంవత్సర చందా బకాయిలు వసూలైతే అది తీరిపోతుంది. ఇంతకు మించి ఇక్కడ వివరించనవసరం లేదు.

కృతజ్ఞతల్లో ఎవరి పేరూ రాయకూడదని కార్యవర్గం నిర్ణయించింది. నిరుడు ఒక్క పేరు తప్పిపోయినందుకు సంక్రాంతి దాకా సంజాయిషీలు చెప్పుకున్నాం. కనుక రెండు రోజులకు పులిహోర, పెరుగన్నం పొట్లాలు కట్టిన తల్లులకు, పుస్తకాల సెట్లు నెలల తరబడి మనకు అరువిచ్చిన గ్రంథాలయ సిబ్బందికి, కొండ మలుపుల్లో పిల్లల కేకలు భరించిన బస్సు డ్రైవరుకు, గరాజు ఖాళీ చేసి ఇచ్చిన దంపతులకు, నోట్సు రాసి ఈ నివేదికకు సరుకు అందించిన పిల్లలందరికీ సంఘం తరఫున ధన్యవాదాలు.

వచ్చే ఏడాది ఏ పుస్తకాలు చదవాలన్నది ఈసారి పిల్లలే నిర్ణయిస్తారు. గ్రంథాలయానికి చెందిన మూడో భాగం ప్రతులు నాలుగు ఇంకా తిరిగి రాలేదు. నాలుగూ పెద్దలు తీసుకున్నవే. ఈ నెలాఖరులోగా వాటిని నాకు అందజేయవలసిందిగా మనవి చేస్తూ, ఈ నివేదికను ఆమోదించవలసిందిగా సభను కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి