ర్యాంకు సంగతి తర్వాత, ముందు మా ఖాతాలు మాకివ్వండి

మంగళగిరి,
గుంటూరు జిల్లా.

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: ఎస్‌ఈఓ (గూగుల్ వెతుకులాటలో సైటును పైకి తెచ్చే పని) పేరుతో మా వెబ్‌సైటుకు జరిగిన నష్టం, మా ఖాతాల అప్పగింత, అడ్వాన్సు వాపసు గురించి.

అయ్యా,

మంగళగిరిలో మాది చేనేత చీరల షాపు. నాన్నగారి హయాం నుంచి ఉన్నదే, వెబ్‌సైటు మాత్రం నేను పెట్టించాను. దాన్ని గూగుల్‌లో పైకి తెస్తామని నెలకు 18 వేలు, జీఎస్టీ అదనం అని చెప్పి, ఆరు నెలల సొమ్ము మీ కంపెనీ ముందే కట్టించుకుంది. ఇప్పుడు మీ అకౌంట్ మేనేజర్‌కి ఫోన్ చేస్తే "టీంకి చెప్పాను సార్" అంటారు. మెయిల్ పెడితే టికెట్ నంబరు వస్తుంది, జవాబు రాదు. అందుకే నేరుగా మీకు రాస్తున్నాను.

మీ కొటేషన్ మొదటి పేజీలోనే "90 రోజుల్లో ఫస్ట్ పేజీ గ్యారంటీ" అని ఉంది. మొదటి స్థానం ఇప్పిస్తామని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని, ఫలితం కనబడటానికి మామూలుగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగులే తన సూచనల్లో రాసిపెట్టింది. పైగా మీ సేల్స్ అబ్బాయి గూగుల్ పార్ట్‌నర్ బ్యాడ్జి చూపించి "గూగుల్‌లో మాకు మనుషులున్నారు" అన్నాడు. ఆ బ్యాడ్జి డబ్బు కట్టి వేయించుకునే గూగుల్ యాడ్స్ నడిపే ఏజెన్సీలకు ఇచ్చేది. మామూలు వెతుకులాటలో ఎవరు పైకొస్తారన్న దానితో దానికి సంబంధం లేదు. ఆ సంగతి ఆ అబ్బాయికి తెలియదేమో గానీ, మీకు తెలియదంటే నేను నమ్మను.

కాగితం మీద మీ గ్యారంటీ నెరవేరింది కూడా. ప్రతి నెలా పంపిన పీడీఎఫ్ రిపోర్టులో వరసలన్నీ ఆకుపచ్చే. "మంగళగిరి నిజాం బోర్డర్ కాటన్ చీర హోల్‌సేల్ రేటు ఆన్‌లైన్ షాపు గుంటూరు" అనే మాటకు మాది ఒకటో ర్యాంకట! చీర కొనే మనిషి ఇంత పొడవు టైపు చేస్తుందా? సైటు గూగుల్‌లో ఎలా కనబడుతోందో చూపే సెర్చ్ కన్సోల్‌లో చూస్తే ఆ మాటకు ఇంప్రెషన్లు, అంటే కనబడిన సార్లు, సున్నా. జనం నిజంగా వెతికే "మంగళగిరి కాటన్ చీరలు" మీ రిపోర్టులో ఏ వరసలోనూ లేదు.

దీన్నయినా సహించేవాణ్ణి. మా సైట్లో మీరు ఎక్కించిన పేజీలు చదివాక మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు. ఊరికో పేజీ, అన్నిట్లో ఒకటే రాత, ఊరి పేరొక్కటే మార్చారు. విశాఖకు రాసింది వరంగల్‌కు అతికించినట్టున్నారు, "వరంగల్ బీచ్‌కు పది నిమిషాల దూరంలో మా షాపు" అని అచ్చయింది. మాకు మంగళగిరిలో తప్ప ఎక్కడా షాపు లేదు, వరంగల్‌కు సముద్రమూ లేదు. వెతుకులాటలో పట్టుబడటానికే పెట్టే ఇలాంటి డోర్‌వే పేజీలు గూగుల్ స్పామ్ నిబంధనలకు విరుద్ధమని వేరే చెప్పాలా? ఇంకో పేజీలో మా చీరలు "అత్యాధునిక యంత్రాలపై" నేసినవని రాశారు. మావి గుంట మగ్గం మీద నేసిన చీరలు, హ్యాండ్లూమ్ మార్కుతో అమ్ముతాం. డాలస్ నుంచి ఏటా శ్రావణ మాసానికి చీరలు తెప్పించుకునే ఒకావిడ ఆ పేజీ ఫొటో తీసి పంపి, "మీవి పవర్‌లూమ్‌వా అండీ, ఇన్నాళ్లూ చెప్పలేదే" అని అడిగింది. ఆవిడకు నేనేం చెప్పాలో మీరే చెప్పండి.

లింకులది మరీ దారుణం. వేరే సైట్ల నుంచి లింకులుంటే గూగుల్‌లో పైకొస్తామని, కాసినో సైట్ల నుంచి, ఎక్కడివో టైర్ల సైట్ల నుంచి మా చీరల పేజీలకు లింకులు కొన్నారు. అదేమిటని అడిగితే "అందరూ చేసేదే సార్, గూగుల్ పట్టుకోదు" అన్నారు. 2011లో అమెరికాలో జేసీ పెన్నీ అంతటి పెద్ద దుకాణాల కంపెనీనే ఇలాంటి లింకులకు గూగుల్ కిందికి దించేసింది. మరుసటి ఏడాది ఇలాంటి లింకులను పట్టడానికే తన వెతుకులాట పద్ధతిలో పెంగ్విన్ అప్‌డేట్ అనే మార్పు తెచ్చింది. మమ్మల్నీ పట్టుకుంది. వరలక్ష్మీ వ్రతం ముందు, మాకు ఏడాది మొత్తంలో బేరం జోరుగా సాగే రోజుల్లో, అసహజ లింకులున్నాయంటూ మాన్యువల్ యాక్షన్, అంటే గూగుల్ మనుషులే చూసి వేసే శిక్ష, పడింది. షాపు పేరు కొట్టినా మేం కనబడలేదు.

దాన్ని తీయించుకోవాలంటే ఆ లింకులు తొలగించి, గూగుల్‌కు పునఃపరిశీలన అభ్యర్థన పంపాలి. నేను పంపలేకపోతున్నాను. సెర్చ్ కన్సోల్‌కు ఓనర్లు మీ వాళ్లే, నాకిచ్చింది చూసే అనుమతి మాత్రమే. డొమైన్ (సైటు పేరు) నా చేతిలో ఉంటే డీఎన్ఎస్‌లో, అంటే ఆ పేరు సెట్టింగుల్లో, ఒక రికార్డు పెట్టి నేనే ఓనర్‌నని నిరూపించుకునేవాణ్ణి. పని సులువవుతుందంటూ దాన్నీ మీ ఖాతాలోకి మార్చుకున్నారు. మ్యాప్స్‌లో కనబడే బిజినెస్ ప్రొఫైల్‌కు కూడా ప్రైమరీ ఓనర్ మీరే. అద్దె నాది, సరుకు నాది, తాళంచెవి మీ దగ్గర!

విజయవాడలో ఇదే పని చేసే ఒకాయనను కలిశాను. ఆయన ర్యాంకుల మాటే ఎత్తలేదు. "ఖాతాలు ఎవరి పేరున ఉన్నాయి? ఏ చీర మీద మీకు నాలుగు డబ్బులు మిగులుతాయి? పాత వాళ్లు ఏమేం మార్చారో రాతపూర్వకంగా ఉందా?" అని అడిగారు. మూడో ప్రశ్నకు నా దగ్గర కాగితం లేదు, ఎందుకంటే మీరు ఇవ్వలేదు.

కాబట్టి ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా డొమైన్‌ను అన్‌లాక్ చేసి బదిలీ కోడ్ పంపండి. సెర్చ్ కన్సోల్‌లోనూ, బిజినెస్ ప్రొఫైల్‌లోనూ నన్ను ఓనర్‌గా చేసి మీ వాళ్లను తప్పించండి. కొన్న లింకుల జాబితా మొత్తం ఇవ్వండి, ఒక్కటి దాచినా గూగుల్ దగ్గర మళ్లీ మొదటికొస్తుంది. పని జరగని రెండు నెలల సొమ్ము జీఎస్టీతో సహా వాపసు చేయండి. మిగతా నాలుగు నెలల సంగతి ఇవన్నీ అందాక మాట్లాడదాం.

గడువు దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. "వ్యాపారం కోసం తీసుకున్న సేవ కాబట్టి వినియోగదారుడు కాదు" అని మీ వకీలు అనవచ్చు. నేను స్వయం ఉపాధితో పొట్టపోసుకునేవాణ్ణి, ఆ సంగతి కమిషన్ ముందే తేల్చుకుందాం. మీ ఆఫీసు హైదరాబాద్‌లో ఉన్నా, నేను ఉండే చోటే కేసు వేసుకోవచ్చని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది.

ఇట్లు,
షాపు యజమాని

జతపరిచినవి: కొటేషన్, ఇన్వాయిస్‌లు, నెలవారీ రిపోర్టులు, మాన్యువల్ యాక్షన్ నోటీసు, వరంగల్ పేజీ స్క్రీన్‌షాట్.