పెరట్లో షెడ్డుకు పర్మిషన్ కావాలా? ఇకమీదట ముందు ప్లాన్ కాపీ, తర్వాతే అడ్వాన్స్

మా దగ్గర షెడ్డు, పెర్గోలా, కారు పోర్చు, మిద్దె మీద షేడ్ నెట్ చేయించుకున్నవాళ్లకీ, చేయించుకోవాలని అనుకుంటున్నవాళ్లకీ ఈ మాట. ఇకమీదట కొలతలకు వచ్చినప్పుడు మీ ఇంటి అప్రూవ్డ్ ప్లాన్ కాపీ అడుగుతాం. అది చూడకుండా అడ్వాన్స్ తీసుకోం. తిరుపతిలో ఇంకే వెల్డింగ్ షాపులోనూ అడగని కాగితం మీకెందుకని ఇప్పటికే కొందరు విసుక్కున్నారు. ఒక పెద్దాయనైతే "షెడ్డు వేయమంటే పెళ్లి సంబంధానికి వచ్చినట్టు ఆరాలు తీస్తావేం సామీ" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాను గానీ, కారణం చెప్పాల్సిన బాధ్యత నాకుంది.

ఈ మధ్య షాపుకు వచ్చే ప్రతి రెండో మనిషీ ఒకటే మాట చెప్తున్నారు: రెండున్నర మీటర్ల ఎత్తు లోపలుంటే గార్డెన్ షెడ్డుకు పర్మిషన్ అక్కర్లేదట కదా అని. ఎక్కడ విన్నారంటే, లండన్‌లో ఉన్న కొడుకో కూతురో పంపిన వీడియో చూపిస్తారు. వీడియోలో చెప్పింది అబద్ధం కాదు. ఇంగ్లండ్‌లో అట్లాంటి వెసులుబాటు నిజంగానే ఉంది. ఒక అంతస్తు షెడ్డయి, ఇంటి ముందు గోడను దాటి ముందుకు రాకుండా, అన్నీ కలిపి ఇంటి చుట్టూ ఉన్న జాగాలో సగం మించకుండా ఉంటే చాలావరకు విడిగా అనుమతి అడగనక్కర్లేదు. సరిహద్దుకు 2 మీటర్ల లోపల కడితే మొత్తం ఎత్తు 2.5 మీటర్లు దాటకూడదు. ఇంకా లోపలికి జరిగితే రెండువైపులా వాలు ఉన్న కప్పుకు 4 మీటర్ల వరకూ పోవచ్చు. అక్కడ కూడా అపార్ట్‌మెంట్లకు ఇది వర్తించదు, పాత చారిత్రక భవనాల ఆవరణ అయితే లెక్క వేరు. పిల్లలు పంపే వీడియోల్లో ఆ ముక్క చివర్లో చిన్నగా చెప్తారు, మనవాళ్లు అప్పటికే ఆపేస్తారు.

ఆ లెక్కలు ఆ దేశానివి. మన తిరుపతి గానీ చిత్తూరు గానీ నగరపాలక సంస్థలు. వీటికి వర్తించేది 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం, దాంతోపాటు 2017 మార్చి 28న 119 నంబరు జీవోతో వచ్చిన ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్. ఆ చట్టంలో 'బిల్డింగు' అంటే ఏమిటో రాసిన చోట ఇల్లు, కొట్టం, గోడౌన్, షెడ్డు, గుడిసె, గోడ, కంచె, అరుగు అన్నీ ఉన్నాయి. ఇటుకతో కట్టినా, కట్టెతో కట్టినా, మట్టితో, ఇనుముతో, ఇంకే సామానుతో కట్టినా బిల్డింగే. ఇన్ని చదరపు అడుగుల లోపలైతే లెక్కలోకి రాదు అనే మాట అక్కడ లేదు. "సిమెంటు వాడలేదు కదన్నా, ఇనుప పైపులే కదా" అనే వాదన ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోతుంది.

అట్లని ఇంట్లో మేకు కొట్టినా కాగితం కావాలని కాదు. వెల్ల వేయడం, పెయింటు, పాత కప్పు రేకులు మార్చడం, నేల టైల్స్, లోపలి పార్టిషన్, కిటికీ తీసి పెట్టడం, తోటపని లాంటివి, మిగతా రూల్స్‌కు అడ్డం రానంతవరకూ, పర్మిషన్ లేకుండా చేసుకునే పనులు. తోటపని అందులో ఉందంటే గుంజలు పాతి కాకర తీగ పాకించుకోవడానికో, కుండీల స్టాండు పెట్టుకోవడానికో మీరు ఎవర్నీ అడగనక్కర్లేదు. అదే స్టాండు మీదికి కలర్ కోటెడ్ రేకు ఎక్కించి, మూడువైపులా మూసి, లోపల వాషింగ్ మెషిన్ పెడితే దాన్ని తోటపని అని నేను చెప్పలేను.

నా దృష్టిలో అసలు ప్రశ్న సైజు కాదు, అది ఎక్కడ నిలబడుతుందన్నదే. మన ఊళ్లో అంకణాల్లో కొంటాం. ఇక్కడ అంకణం అంటే 36 చదరపు అడుగులు. నలభై యాభై అంకణాల జాగాలో ఇల్లు కట్టాక పెరడని మిగిలేది నిజానికి సెట్‌బ్యాక్. గాలి, వెలుతురు, ఫైరింజను దారి కోసం ఖాళీగా వదులుతామని ప్లాన్‌లో మనమే గీసి, సంతకం పెట్టి ఇచ్చిన జాగా. 300 చదరపు మీటర్లు, అంటే సుమారు 90 అంకణాలు దాటిన ప్లాటైతే ఆ సెట్‌బ్యాక్‌లోనే మీటరు వెడల్పున మొక్కల పట్టీ కూడా పెంచాలి. షెడ్డు అడిగేది చాలామంది సరిగ్గా ఆ జాగాలోనే.

మొన్న ఎమ్మార్ పల్లి వైపు ఒక ఇంటికి కొలతలకు వెళ్లాం. వెనకవైపు పది అడుగుల పొడవున షెడ్డు కావాలన్నారు. ఇంటి గోడకూ కాంపౌండుకూ మధ్య టేపు పెడితే నాలుగున్నర అడుగులు. ఒక స్తంభానికి బేస్ ప్లేట్ రావాల్సిన చోట ఇంకుడు గుంత మూత ఉంది. రేకు వాలు ఎటు పెట్టినా నీళ్లు పడేది పక్కింటివాళ్ల వంటగది కిటికీ మీదే. మా కుర్రాడు గట్టర్ పెడదామన్నాడు. గట్టర్ నీళ్లు ఎక్కడికి పంపాలి, గుంత మీద స్తంభం ఉంటే? 2021 నవంబరు వానలకు ఊళ్లో ఏ వీధిలో నీళ్లు ఎంత ఎత్తు నిలిచాయో చూసినవాళ్లం. ఆ పని వద్దన్నాం. మిద్దె మీదికి బట్టలు ఆరేసుకునేలా పైపు ఫ్రేము, దాని మీద షేడ్ నెట్ వేసి వచ్చాం. బిల్లు సగానికి పడిపోయింది, అది వేరే సంగతి.

పక్కింటి మాట ఎందుకు ఎత్తానంటే, పెరటి షెడ్డు చూడ్డానికి ఎవరూ పనిగట్టుకుని రారు. కథ మొదలయ్యేది పక్కింటివాళ్లు సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చే అర్జీతోనే. ఆ తర్వాత నోటీసు, దాని తర్వాత మాలాంటివాళ్లకు విప్పమని ఫోను. ఈ ఏడాది వేరేవాళ్లు వేసిన షెడ్లు విప్పే పనులు మాకు బాగానే వచ్చాయి. కాంక్రీటులో పాతేసిన స్తంభాన్ని గ్రైండరుతో నేలకు సమంగా కోస్తాం, రేకు నిండా స్క్రూ బొక్కలే. పైపు కొన్నది కొత్త రేటుకు, పోయేది పాత ఇనుము తూకానికి. మాకు కూలి ముడుతుంది గానీ ఆ ఇంటావిడ మొహం చూడలేం.

చంద్రగిరి, శ్రీనివాస మంగాపురం వైపు ఉన్న కస్టమర్లకు ఇంకో మాట. కోట, కళ్యాణ వేంకటేశ్వరస్వామి గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. అట్లాంటి కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు ముందస్తు అనుమతి ఉంటేనే. 2010లో చట్టాన్ని సవరించి దీన్ని గట్టి చేశారు. గుడిమల్లం పరశురామేశ్వరాలయం చుట్టూ కూడా అంతే. ఈ చోట్ల ఆ అనుమతి కాగితం (ఎన్‌వోసీ) లేనిదే టేపు కూడా తీయం, దయచేసి బలవంతపెట్టొద్దు.

కరెంటు తీగల విషయంలో బేరమే లేదు. 11 కేవీ లైను ఇంటి పక్కనే పోతుంటే షెడ్డుకు అడ్డంగా 1.2 మీటర్లు, లైను షెడ్డు మీదుగా పోయేటట్టయితే పైకి 3.7 మీటర్లు ఖాళీ ఉండాలి. పద్దెనిమిది అడుగుల పైపు పట్టుకుని తిరిగేది మా పిల్లలు.

మరి ఎవర్ని అడగాలి? సిటీలో అయితే ముందు మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని. ప్లాన్ కాపీ తీసుకెళ్లండి, షెడ్డు వచ్చే చోటు పెన్సిలుతో గుర్తు పెట్టుకుని వెళ్తే మాట తొందరగా తేలుతుంది. ప్లాన్ మార్చాల్సి వస్తే ప్లాన్లు గీసి ఇచ్చే లైసెన్సు ఉన్న ఎల్‌టీపీ (ఇంజనీరు లాంటి సాంకేతిక నిపుణుడు) ఆన్‌లైన్‌లో పెడతారు. పంచాయతీ అయితే కార్యదర్శి, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) పరిధి కూడా ఉంటే అక్కడా ఒకసారి. కొత్త ఇల్లు కట్టి, ప్లాన్ ప్రకారమే కట్టారని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రానివాళ్లు అది చేతికొచ్చేదాకా ఆగండి, తనిఖీకి వచ్చినవాళ్లు ప్లాన్‌లో లేనిదే మొదట చూస్తారు.

"మీరే ఆఫీసులో మాట్లాడిపెట్టండి, ఖర్చు చూసుకుంటాం" అని అడిగేవాళ్లకు: చేయం. ఆ పని చేసిపెడతామనే షాపులకు మీరు వెళ్తే బాధేం లేదు. ఇట్లా కొన్ని ఆర్డర్లు పోయాయి, ఇంకా పోతాయని తెలుసు.

ఇక లెక్కలు. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చి పని మొదలుకానివాళ్లు ప్లాన్ కాపీ వాట్సాప్‌లో పంపండి. చూశాక వద్దనుకుంటే డబ్బు మొత్తం వాపసు, పైపు కట్ చేసేసి ఉంటే మాత్రం ఆ సామాను ఖరీదు పోను మిగతాది. నేల మీద వేసే షెడ్లన్నీ ఇకమీదట బేస్ ప్లేటు, యాంకర్ బోల్టు పద్ధతిలోనే చేస్తాం, స్తంభాలు పాతం. దీనికి స్తంభాలు పాతి వెల్డింగ్ చేసే పద్ధతి కన్నా కొంచెం ఎక్కువ పడుతుంది. బోల్టు వేసినంత మాత్రాన పర్మిషన్ అక్కర్లేదని అర్థం కాదు, రేపు జరపాల్సి వస్తే రేకూ పైపూ చెడకుండా వస్తాయంతే. ఎవరి ప్లాన్ కాపీ అయినా పోయి ఉంటే కంగారుపడొద్దు, ఇంటి మీద లోను తీసుకుని ఉంటే బ్యాంకు ఫైల్లో ఒకటి ఉంటుంది, ముందు అక్కడ అడిగి చూడండి.