ఆ బీరువా తాళం తీయించండి: గ్రంథాలయ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

మీ పేషీకి ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ రిజిస్టర్ పోస్టులో పంపాను. అందినట్టు సంతకాలు పడ్డ కార్డులు నా దగ్గర ఉన్నాయి, జవాబు మాత్రం లేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నేను అడుగుతున్నది ఒక్క పుస్తకం గురించి. ఎ.రేవతి గారు తమిళంలో రాసుకున్న తన జీవితాన్ని పి.సత్యవతి గారు ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగులోకి తెచ్చారు. 2019 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం దానికే ఇచ్చారు. మా గ్రంథాలయానికి ఒక కాపీ వచ్చింది కూడా. కానీ అది అరల్లో లేదు, ఆఫీసు గదిలో తాళం వేసిన ఇనుప బీరువాలో ఉంది. అడిగితే, "ఇక్కడికి పిల్లలొస్తారమ్మా, ఇలాంటివి బయట పెడితే మాకు మాటొస్తుంది" అన్నారు.

పిల్లలొస్తారనే అది బయట ఉండాలండీ.

నా పెద్ద బిడ్డను కొడుకనుకునే పెంచాను. ఆరేడేళ్లప్పుడు స్నానం చేసి రాగానే తువ్వాలు తలకు చుట్టుకుని, కొసను జడలా వీపు మీదకు వదిలి అద్దం ముందు తిరిగేది. మొదట్లో నవ్వాను. పదేళ్లొచ్చాక కొట్టాను. ఒకరోజు ఆ తువ్వాలు లాగేసి చింపి పారేశాను. గాలి సోకిందేమోనని తాయెత్తు కట్టించాను. ఇంటర్ మధ్యలో బిడ్డ ఇల్లు వదిలి వెళ్లిపోయింది.

ఆ తర్వాత తెలిసిన టీచరమ్మ ఒకావిడ తన సొంత కాపీ చేతిలో పెట్టారు. పుస్తకం మొదట్లోనే రేవతి గారి చిన్నతనం ఉంటుంది. అక్క పావడా కట్టుకోవడం, తలకు తువ్వాలు చుట్టి జడలా వదులుకోవడం. ఆ పేజీ దగ్గర ఆగిపోయాను. అదే తువ్వాలు, అదే జడ. నా బిడ్డకు పట్టింది దయ్యమూ కాదు, చెడు సావాసమూ కాదని నాకు ఏ డాక్టరూ చెప్పలేదు, ఏ టీవీ చెప్పలేదు. ఆ పేజీ చెప్పింది. అది పదేళ్ల ముందు నా కంటపడి ఉంటే నేను ఆ చెయ్యి ఎత్తేదాన్ని కాదు.

ఇప్పుడు నా కూతురు నాతో మాట్లాడుతోంది. ఒకసారి ఇద్దరం సినిమాకు వెళ్లాం. హిజ్రా పాత్ర తెర మీదకు రాగానే హాలంతా ఒకటే నవ్వు. అది తల దించుకుని నా చెయ్యి పట్టుకుంది. అందుకే గ్రంథాలయ వారోత్సవాల్లో ‘నాను అవనల్ల అవళు’ వేయమని అడిగాను. లివింగ్ స్మైల్ విద్య అనే ట్రాన్స్‌జెండర్ మహిళ ఆత్మకథ ఆధారంగా తీసిన కన్నడ సినిమా అది. అందులో నటనకు సంచారి విజయ్‌కి జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. కన్నడం ఎవరికర్థమవుతుంది అన్నారు. అయితే తెలుగులో ఉన్న పుస్తకమైనా బయట పెట్టండన్నాను. అదీ కుదరదన్నారు.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను థర్డ్ జెండర్‌గా గుర్తించింది. వాళ్లూ సమాజంలో భాగమేనని జనానికి అవగాహన కల్పించాలని ప్రభుత్వాలకు అదే తీర్పులో చెప్పింది. అవగాహన అంటే ర్యాలీలూ ఫ్లెక్సీలేనా సార్? ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఆ డబ్బుతో నడిచే చోట ఒక పుస్తకం అరలో ఉండకూడదా?

దయచేసి ఆ తాళం తీయించండి. ప్రతి జిల్లాకూ కాపీలు కొనిపించండి. తెలుగులో ఇలాంటివి ఇంకా ఏమున్నాయో తెలిసినవాళ్లను అడిగి తెప్పించండి. ముందు మాత్రం ఆ తాళం తీయించండి.

పోయిన వారం మళ్లీ వెళ్లి సూచనల రిజిస్టర్ తెరిచాను. నేను రాసిన వరుస కింద ఎవరో పెన్సిల్‌తో అదే పుస్తకం పేరు రాశారు. పక్కన తమ పేరు రాసి రబ్బరుతో తుడిచేసుకున్నారు, కాగితం అక్కడ పలచబడింది. ఆ బిడ్డ ఎవరో నాకు తెలీదు. మళ్లీ వచ్చేసరికి పుస్తకం అరలో కనిపించేలా చూడండి.

ఇట్లు,
ఒక తల్లి