39 దెబ్బలు ఎవరు లెక్కపెట్టారు?

సంపాదకులు గారికి,

శుభ శుక్రవారం నాడు మీరు వేసిన ప్రత్యేక పేజీ వచ్చి పది రోజులైంది. ఎక్కడో ఓ మూలనైనా సవరణ వేస్తారేమోనని ఆగాను. వెయ్యలేదు.

యేసు తిన్నవంటూ '39 కొరడా దెబ్బలు' అని ఎర్ర అక్షరాల్లో శీర్షిక పెట్టారు. నాలుగు సువార్తల్లోనూ ఆ అంకె లేదు. నలభైకి మించి కొట్టకూడదన్నది ద్వితీయోపదేశకాండం 25లోని నియమం. లెక్క తప్పి ఎక్కువ పడుతుందేమోనని ఒకటి తగ్గించడం యూదుల ఆనవాయితీ. అపొస్తలుడు పౌలు తిన్నానని చెప్పిన దెబ్బలు అవే. యేసును కొట్టింది రోమా అధిపతి పిలాతు సైనికులు. రోమా సిపాయికి మోషే ధర్మశాస్త్రంతో పనేమిటి? ఇక సిలువ మీద మూడు గంటలట. మార్కు సువార్త ప్రకారం సిలువ వేసింది ఉదయం తొమ్మిదికి, ప్రాణం విడిచింది మధ్యాహ్నం మూడు వేళకి. అంటే ఆరు గంటలు. చర్చిల్లో, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన పన్నెండు నుంచి మూడు దాకా జరుగుతుంది, చీకటి కమ్మిన వేళ కనుక. మీవాళ్లు ఆరాధన టైము తెచ్చి సిలువకు తగిలించారు.

జిల్లా పేజీ ఇంకా ఘనం. కతోలిక దేవాలయాల్లో 'దివ్యబలిపూజలు ఘనంగా' జరిగాయట! ఆ రోజు బలిపూజే, అంటే మాస్, ఉండదు. యోహాను సువార్త నుంచి శ్రమల చరిత్ర చదువుతారు, సిలువను ముద్దుపెట్టుకుంటారు, ముందురోజు పూజలో ఆశీర్వదించి దాచిన రొట్టెను, అదే సత్ప్రసాదాన్ని, పంచుతారు. విలేకరి గుమ్మం దాకా కూడా వెళ్లలేదన్నమాట.

ఇవన్నీ పోనీ అనుకుందాం. ప్రధాన వ్యాసంలో, కోపంతో ఉన్న తండ్రి ఏ పాపమూ ఎరుగని కొడుకును కొట్టించి చల్లబడ్డాడన్నట్టు రాశారు. పక్క కాలమ్‌లో మరొకరు తండ్రి దేవుడే సిలువ మీద చనిపోయాడన్నారు. ఒకే పేజీలో రెండు తప్పులు, అవీ ఒకదానికొకటి పడనివి! రెండోది పాత తప్పే. మూడో శతాబ్దం మొదట్లోనే క్రైస్తవ పండితుడు తెర్తుల్లియను దాన్ని ఖండిస్తూ ఓ గ్రంథం రాశాడు. మొదటిది ఇవాళ్టికీ ప్రసంగాల్లో వినిపిస్తూనే ఉంది, అదే ఎక్కువ ప్రమాదం. కుమారుడు తండ్రికి పరాయివాడైతేనే ఆ లెక్క కుదురుతుంది. కాడు, ఆయనా దేవుడేనని 325లో బిషప్పుల నైసియా సభ తేల్చింది. సిలువ మీద శరీరంతో శ్రమపడినవాడు త్రిత్వంలో (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ) ఒకడేనని 553లో కాన్‌స్టాంటినోపుల్ సభ చెప్పింది. అంటే దేవుడు ఇంకెవరికో శిక్ష వేసి చూస్తూ కూర్చోలేదు, దెబ్బ తానే తిన్నాడు. క్రైస్తవ విశ్వాసంలో ఆ శ్రమలకున్న అర్థం అది. దెబ్బలు ఎన్ని, మేకు ఎంత పొడుగు అన్నదాంట్లో లేదు. సువార్తలు సిలువ వేయడాన్ని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు సాగాయి. అర పేజీ రక్తం మీ డెస్కుదే.

శరీరానికి సరే, దైవ స్వభావానికి నొప్పి ఉంటుందా? ఉండదనే శతాబ్దాల పాటు బోధించారు. హిట్లర్ జైల్లో ఉన్న జర్మన్ పాస్టరు బోన్‌హోఫర్ 1944 జూలైలో రాసిన ఉత్తరంలో, సాయం చెయ్యగలవాడు శ్రమపడే దేవుడొక్కడే అన్నాడు. 1972లో జర్మన్ వేదాంతి మోల్ట్‌మన్ ఇంకో అడుగు వేశాడు: చనిపోయింది కుమారుడే, తండ్రి పడింది కొడుకును పోగొట్టుకున్న దుఃఖం. ఒప్పుకోనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పేజీ నింపాలంటే ఈ చర్చ చాలదా?

పత్రికనే అని ఏం లాభం? సెంటర్లో ప్రతి స్తంభానికీ 'హ్యాపీ గుడ్ ఫ్రైడే' ఫ్లెక్సీలు, ముళ్ల కిరీటం పక్కనే పళ్లు ఇకిలిస్తూ నాయకులు. చావు ఇంటికి వెళ్లి శుభాకాంక్షలు చెబుతారా వీళ్లు? తీసెయ్యాల్సిన మున్సిపాలిటీకి ఈస్టరు దాటినా కళ్లు తెరుచుకోలేదు.

2027లో శుభ శుక్రవారం మార్చి 26న వస్తుంది. బోలెడు టైముంది. ఈ ఏటి పేజీకే తేదీ మార్చి వెయ్యకండి.

- ఓ పాఠకుడు, గుంటూరు