కోర్సు కొను, అదే కోర్సు అమ్ము: మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పౌరసరఫరాలు, వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మాది తాడేపల్లిగూడెం. వంటింటి సామాను మీద తెలుగులో వీడియోలు చేస్తుంటాను. మిక్సీ, టేబుల్‌టాప్ గ్రైండర్, ఇండక్షన్ పొయ్యి, ఇడ్లీ పాత్ర, ఏదైనా సరే కొని నెల రోజులు వాడాకే మాట్లాడతాను. వీడియో కింద లింకు పెడతాను. ఆ లింకు నొక్కి ఎవరైనా కొంటే నాకు కమీషన్ వస్తుంది. దీన్ని అఫిలియేట్ మార్కెటింగ్ అంటారు. మా అమ్మ మాత్రం ఇప్పటికీ "ఏదే, ఆ బ్రోకరేజీ డబ్బులు పడ్డాయా?" అని అడుగుతుంది. ఆవిడ పెట్టిన పేరే బాగుందనిపిస్తుంది నాకు.

ఈ అఫిలియేట్ అనే పేరే చెప్పుకుని, కోర్సు కొని అదే కోర్సు ఇంకొకరికి అమ్మమనే ఇంకో వ్యాపారం మన జిల్లాల్లో నడుస్తోంది. దాని సంగతి మీ దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. అయితే ముందు నా పని ఎలా ఉంటుందో చెప్పకపోతే ఆ రెండోదానికీ దీనికీ తేడా తెలియదు.

అమెజాన్ తన సైటులో ఈ పద్ధతిని 1996లో మొదలుపెట్టింది. చేరడానికి పైసా కట్టక్కర్లేదు. మన లింకు చివర మన గుర్తు ఒకటి ఉంటుంది, ఇండియా వాళ్లదైతే చివర్న 21 అంకె ఉంటుంది. ఆ లింకు నొక్కిన మనిషి 24 గంటల్లోపు కొంటేనే, లేదా ఆలోపు కార్టులో వేసుకుని తర్వాత కొంటేనే కమీషన్ మనది. గ్రైండర్ చూద్దామని వచ్చినావిడ గ్రైండర్ వదిలేసి బట్టల సబ్బులు కొనుక్కుని వెళ్లినా, ఆ సబ్బుల మీద నాలుగు రూపాయలు నాకే పడతాయి. సరుకు వెనక్కి పంపేస్తే వచ్చింది కాస్తా తీసేసుకుంటారు. మన లింకుతో మనమే కొనుక్కుంటే లెక్కలోకి రాదు. చేరిన 180 రోజుల్లో మూడు అమ్మకాలు కాకపోతే ఖాతా మూసేస్తారు. డబ్బు చేతికొచ్చేది దాదాపు రెండు నెలల తర్వాత. మొదటి నెల నాకొచ్చింది 212 రూపాయలు. నాలుగేళ్లు కష్టపడ్డాక ఇప్పుడు మంచి నెలలో పద్నాలుగు వేలు, దసరా దీపావళి సేల్స్‌లో ఇంకాస్త. దీంతో మేడలు కట్టలేను గానీ పిల్లాడి ఫీజు మాత్రం దీంతోనే కడుతున్నాను.

ఇక మా పిన్ని కొడుకు సంగతి.

డిగ్రీ అయింది, ఉద్యోగం లేదు. ఫోన్లో ఒక రీల్ చూశాడు. "ఫోన్ ఉంటే చాలు, అఫిలియేట్ మార్కెటింగ్‌తో నెలకు లక్ష." రాత్రి తొమ్మిదింటికి జూమ్‌లో మీటింగ్. కోటు వేసుకున్న సారు ఒకాయన, ఆయన వెనకాల కారు ఫొటో. నిన్నటిదాకా కూలికి వెళ్లానని, ఇవాళ అమ్మకి బంగారం కొన్నానని చెప్పే కుర్రాళ్లు నలుగురు. రాత్రి పదకొండున్నరకి "ఈ ఆఫర్ ఇంకో పది నిమిషాలే" అన్నారు. మావాడు ప్యాకేజీ కొనేశాడు. 9,999 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 11,798 రూపాయల 82 పైసలు. అందులో సగం పిన్ని డ్వాక్రా గ్రూపులో తీసుకున్న అప్పు.

ఆ రసీదు నేను చూశాను. జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు, ఎనభై రెండు పైసలతో సహా అన్నీ పద్ధతిగా ఉన్నాయి. "గవర్నమెంటుకి పన్ను కట్టే కంపెనీ మోసం ఎందుకు చేస్తుందే?" అంది పిన్ని. ఆవిడకి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. జీఎస్టీ నంబరంటే పన్ను కట్టడానికి ఇచ్చే నంబరే తప్ప నిజాయితీకి సర్టిఫికెట్టు కాదని మన ఊళ్లలో ఎంతమందికి తెలుసండీ?

తర్వాత ఒక ఆదివారం కూర్చుని ఆ కోర్సు మొత్తం చూశాను. పోస్టర్ ఎలా చేయాలి, డీపీ ఎలా పెట్టాలి, పొద్దున్నే అయిదింటికి ఎందుకు లేవాలి... మొదటి నాలుగు వీడియోలు ఇవే. ఆ నాలుగింట్లో ఉన్న విషయం యూట్యూబ్‌లో ఎక్కడైనా ఉచితంగా దొరుకుతుంది. అయిదో వీడియో నుంచి చివరిదాకా ఒకటే పాఠం: ఈ ప్యాకేజీని ఇంకొకరికి ఎలా అమ్మాలి. గ్రైండర్ లేదు, సబ్బు లేదు. అమ్మే సరుకల్లా ఆ కోర్సే.

మావాడి దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. తెలిసినవాళ్ల పేర్లు వంద రాయమన్నారట. పదో తరగతి స్నేహితులు, మేనమామలు, కటింగ్ షాపు అబ్బాయి, ట్యూషన్ మాస్టారు. డబ్బు ఇవ్వగలిగేవాళ్లకి టిక్కు, వద్దన్నవాళ్ల పక్కన "నెగెటివ్" అనే మాట. నెగెటివ్ వాళ్లతో మాట్లాడటం తగ్గించాలని మీటింగులో చెప్పారు. ఆ జాబితాలో నాలుగో పేరు నాది. పక్కన ఎర్ర ఇంకుతో "నెగెటివ్" అని రాసి, రెండుసార్లు గీత కొట్టి ఉంది. "అక్కా, అది అప్పట్లో" అని నోట్‌బుక్ మూసేశాడు.

ఆ వందమందిలో ముగ్గురు చేరారు. ఒక్కొక్కరి మీద వాడికి నాలుగు వేలు ఇచ్చారు. ఆ ముగ్గురూ మళ్లీ ఎవరినైనా చేరిస్తే వీడికి ఇంకో ఆరేడు వందలు, దానికి "పాసివ్ ఇన్‌కమ్", అంటే కూర్చున్నచోటే వచ్చే ఆదాయం అని పేరు. లెక్క చూడండి. వచ్చింది 12,000, పెట్టింది 11,798.82. మావాడి లాభం 201 రూపాయల 18 పైసలు. ఆ పన్నెండు వేల స్క్రీన్‌షాట్ తీసి, "నా మొదటి వారం సంపాదన" అని స్టేటస్ పెట్టాడు. అందులో అబద్ధం ఏమీ లేదు, చిక్కంతా అక్కడే ఉంది. ఆ స్టేటస్ చూసి చేరినవాళ్లు ఎవర్ని నిలదీయాలి?

పెట్టిన డబ్బు రాబట్టుకోవాలంటే ప్రతివాడూ ముగ్గురిని చేర్చాలి. ఒకరి కింద ముగ్గురు, వాళ్ల కింద తొమ్మిదిమంది, వాళ్ల కింద ఇరవై ఏడు. పదో మెట్టు దగ్గర 59,049 మంది కావాలి, పదకొండో మెట్టుకి 1,77,147. మా ఊరి మునిసిపాలిటీ జనాభా 2011 లెక్కల ప్రకారం లక్ష పైచిలుకు. అంటే పసిపిల్లలతో సహా ఊరంతా చేరినా పదకొండో మెట్టు నిండదు. ఎక్కడ ఆగినా, చేరినవాళ్లలో మూడింట రెండొంతుల మంది అప్పటికి చివరి మెట్టు మీదే ఉంటారు, వాళ్లకి రూపాయి వెనక్కి రాదు. ఇది వాళ్ల బద్ధకం వల్లో, "మైండ్‌సెట్" లేకపోవడం వల్లో కాదండీ, గుణకారం వల్ల.

చట్టం లేదా అంటే ఉంది. ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ పథకాలను (మనుషుల్ని చేర్పిస్తే డబ్బొస్తుందని ఆశపెట్టేవి) నిషేధించిన చట్టం 1978 నాటిది. 2021 డిసెంబర్ 28న కేంద్రం డైరెక్ట్ సెల్లింగ్ (షాపు లేకుండా ఏజెంట్ల చేత నేరుగా అమ్మించడం) నిబంధనలు తెచ్చి, ఒకరి కింద ఒకరిని చేర్చుకుంటూ పోయే పిరమిడ్ పథకాలు నడపకూడదని, వాటిలో ఎవరినీ చేర్పించకూడదని స్పష్టంగా రాసింది. డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీల మీద కన్నేసి ఉంచే యంత్రాంగాన్ని ప్రతి రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేయాలని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. ఈ కోర్సుల వాళ్లు ఏమంటారంటే, "మాది డైరెక్ట్ సెల్లింగ్ కాదు, మాది విద్య. వీళ్లు ఏజెంట్లు కారు, అఫిలియేట్లు." పాత సారా కొత్త సీసాలో పోశారు, ఆ సీసా మీద నా వృత్తి పేరు అంటించారు.

తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాలు ఉన్నాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మొదటి తప్పుకి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయగలదు. 2023 జనవరి నుంచి నాలాంటివాళ్లు డబ్బు తీసుకుని ఏదైనా చెబితే ఆ మాట చూసేవాళ్లకి తెలిసేలా బయటపెట్టాలి. నేను ప్రతి వీడియోలోనూ "ఈ లింకుతో కొంటే నాకు కమీషన్ వస్తుంది" అని నోటితోనే చెప్తాను. నాలుగు రూపాయల సబ్బు కమీషన్‌కి నాకున్న బాధ్యత, నాలుగు వేల కమీషన్ తీసుకునే కోటు సారుకి ఎందుకు లేకుండా పోయింది?

    

 ఈ కోర్సుల మీద ఫిర్యాదులు పెద్దగా రావట్లేదని మీ అధికారులు మీకు చెప్పవచ్చు. అది నిజమే అయ్యుండొచ్చు. ఎందుకు రావో మా ఇంట్లోనే చూశాను. "వెళ్లి కంప్లైంట్ ఇద్దాం పద" అంటే మావాడు కదల్లేదు. "నా మీద ఆ ముగ్గురూ ఇవ్వాలి అక్కా ముందు" అన్నాడు. దొంగతనం జరిగితే పోగొట్టుకున్నవాడు వేరు, దొంగ వేరు. ఇక్కడ పోగొట్టుకున్నవాడి చేతే ఇంకో ముగ్గురి జేబులు కొట్టించారు. ఇక వాడు ఏ మొహం పెట్టుకుని స్టేషన్ మెట్లెక్కుతాడు? బెట్టింగ్ యాప్‌ల విషయంలో అప్పులపాలైన కుటుంబాలు బయటికొచ్చాయి, మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025లో పక్కనున్న తెలంగాణలో వాటిని ప్రచారం చేసినవాళ్ల మీద కేసులు పెట్టారు, అదే ఏడాది కేంద్రం చట్టమే తెచ్చింది. ఇక్కడ అలా ఎవరూ బయటికి రారు. కాబట్టి ఫిర్యాదు వచ్చాక చూద్దాం అనుకుంటే ఎప్పటికీ చూడలేరు.

చివరికి నేనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేశాను. ఇష్టపడి కట్టిన డబ్బు కదా అన్నారు. ఇంకోచోటికి వెళ్తే "ఇది సివిల్ మేటరమ్మా" అన్నారు. డైరెక్ట్ సెల్లింగ్ మీద నిఘా పెట్టే అధికారి జిల్లాలో ఎవరు అని అడిగితే, ఒకరు ఇంకొకరి పేరు చెప్పారు. వినియోగదారుల కమిషన్‌లో అయిదు లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, మనం ఉండే ఊరి నుంచే వేయొచ్చు, అది మంచి సంగతి. అయితే కంపెనీవాళ్లు "సంపాదన కోసం కొన్నావు కాబట్టి నువ్వు వినియోగదారుడివే కాదు" అని వాదిస్తారని ఒక లాయరు గారు ముందే చెప్పారు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే సరుకు కొని వాడుకునేవాళ్లు వినియోగదారులే అని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వివరణ ఉంది, కోర్సు కొన్నవాళ్లకీ అదే వర్తించాలి అంటాను నేను. ఆ ఒక్క వాక్యం తెలుగులో అచ్చేసి ప్రతి డిగ్రీ కాలేజీ నోటీసు బోర్డు మీద అంటిస్తే సగం మందికి ధైర్యం వస్తుంది.

మిమ్మల్ని అడిగేది పెద్ద పనులేమీ కాదు. 2019 చట్టం 16వ సెక్షన్ కింద, వినియోగదారులకు మూకుమ్మడిగా నష్టం జరిగితే ఫిర్యాదు మీద విచారణ చేసే అధికారం జిల్లా కలెక్టరుకి ఉంది. కోర్సు పేరుతో నడిచే ఈ గొలుసు పథకాల మీద ఆ సెక్షన్ వాడమని కలెక్టర్లకు మీ శాఖ నుంచి ఒక్క సర్క్యులర్ పంపండి. రాష్ట్రంలో నిఘా యంత్రాంగం ఎవరి చేతిలో ఉందో, ఏ నంబరుకి ఫోన్ చేయాలో పేపర్లో వేయించండి. చేరినవాడే ఇంకొకరిని చేర్చినా, మొదట ఫిర్యాదు ఇచ్చింది వాడే అయితే వాణ్ణి సాక్షిగా చూడాలి తప్ప ముద్దాయిగా కాదని పోలీసు శాఖతో మాట్లాడి చెప్పించండి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం ఇదే.

కేంద్రానికి కూడా ఒక ఉత్తరం రాయండి. ఇలా ప్యాకేజీ అమ్మి కమీషన్ ఇచ్చే ప్రతి కంపెనీ, పోయిన ఏడాది ఎంతమంది కొన్నారు, వాళ్లలో ఎంతమందికి కట్టిన డబ్బు తిరిగొచ్చింది అనే రెండు అంకెలు, డబ్బు కట్టే బటన్ పక్కనే, కొనేవాళ్ల భాషలో వేయాలి. లక్ష సంపాదించిన కుర్రాడి ఫొటో వేసుకుంటే వేసుకోనివ్వండి, దాని పక్కన ఈ రెండు అంకెలు ఉంటే చాలు.

స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ వాళ్లు పిలిస్తే అసలు అఫిలియేట్ పని ఏమిటో మూడు రోజుల్లో నేనే ఉచితంగా చెప్తాను. మొదటి రోజు మొదటి మాట, చేరడానికి డబ్బు అడిగితే లేచి వచ్చేయమని.

మావాడు ఇప్పుడు ఒక సెల్‌ఫోన్ షాపులో పనిచేస్తున్నాడు. వాడు చేర్చిన ముగ్గురికీ తలా నాలుగు వేలు తిరిగి ఇస్తున్నాడు, వాడికి ముట్టింది అంతే కాబట్టి. ఇద్దరివి అయిపోయాయి. మూడో అబ్బాయి మాట్లాడటం మానేశాడు, ఫోన్ ఎత్తడు, అందుకని మావాడు డబ్బు ఆ అబ్బాయి వాళ్ల నాన్న చేతికి ఇచ్చి వస్తున్నాడు. వచ్చే సోమవారం భీమవరం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి ఆ రసీదు, ఆ లాంగ్ నోట్‌బుక్ పట్టుకుని ఇద్దరం వెళ్తున్నాం. వస్తానని వాడే అన్నాడు. మీ సర్క్యులర్ అప్పటికి అందకపోయినా, అర్జీ మీద 16వ సెక్షన్ అని నేనే రాస్తాను.

ఇట్లు,
తాడేపల్లిగూడెం నుంచి వంటింటి వీడియోలు చేసుకునే ఒక గృహిణి