శశిరేఖ మీసం తిప్పింది

రాజమండ్రి
ఆదివారం, రాత్రి పదకొండున్నర

ఒరేయ్ బావా,

ఈ వేళప్పుడు ఫోన్ చేస్తే పిల్లలు లేస్తారని ఉత్తరం రాస్తున్నాను. ఇది ఫోన్లో చెబితే తీరే సంగతి కూడా కాదులే. సాయంత్రం ఆనం కళాకేంద్రంలో సురభి వాళ్ల మాయాబజార్ చూశాం. ఇంటికొచ్చి పెరుగన్నం తిని కూర్చున్నా, ఆ హార్మోనియం ఇంకా చెవుల్లో మోగుతూనే ఉంది.

అమ్మ వారం ముందు నుంచీ ఒకటే పోరు. మోకాళ్ల నొప్పి కదమ్మా, అన్నిసేపు కూర్చోగలవా అంటే, "సురభి నాటకానికి మోకాళ్లతో పనేంటిరా?" అంది. అమ్మాయి మాత్రం మొహం మాడ్చుకునే వచ్చింది. ఎనిమిదో క్లాసు కదా, పద్యాల నాటకం అంటే తెలుగు పరీక్షలాగా ఉంటుందనుకుంది. రెండో వరసలో ఎడమవైపు మూడు సీట్లు దొరికాయి. అక్కడ కూర్చోవడమే మా అదృష్టమైంది. ఎందుకో చెబుతాను.

తెర లేవగానే నాకు మన ఊరి మార్కెట్ యార్డు పక్కన వేసిన రేకుల హాలు గుర్తొచ్చింది. నేల టికెట్టు కొనుక్కుని, కింద పరుచుకోవడానికి మీ ఇంట్లోంచి గోనెసంచి తెచ్చేవాడివి నువ్వు. వాన పడితే రేకుల చప్పుడుకి పద్యం వినపడేది కాదు. అయినా ఒక్కడూ లేచేవాడు కాదు. ఆ రంగు తెరలే ఇవీ. ద్వారక అంటే ద్వారకే, అడవి అంటే అడవే. ఒక తెర సర్రున పైకి పోయేసరికి వెనక ఇంకో లోకం తయారుగా ఉంటుంది.

నారదుడు మబ్బుల మీద దిగాడు. అభిమన్యుడి బాణం, ఘటోత్కచుడి బాణం గాల్లో ఎదురెదురుగా వచ్చి ఢీకొని చిటపటమని నిప్పురవ్వలు రాలాయి. అప్పటిదాకా కుర్చీలో జారగిలబడి ఉన్న మా అమ్మాయి నిటారుగా కూర్చుంది. అక్కణ్ణుంచి దాని చూపు స్టేజి మీద నుంచి కదలలేదు.

అసలు సరుకు మాయా శశిరేఖ, బావా. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో పెళ్లిపీటల దగ్గరకొచ్చే ఘట్టం. అంతకుముందు సీన్లో ఈ వేషం కట్టిన అమ్మాయే అసలు శశిరేఖగా తల వంచుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ, పాట మెత్తగా పాడింది. ఇప్పుడూ అదే చీర, అదే పూలజడ. కానీ పైట సర్దుకోబోయిన చెయ్యి మధ్యలో ఆగింది. మెల్లగా పైకెళ్లి, లేని మీసాన్ని పట్టుకుని తిప్పింది! హాలంతా గొల్లుమంది. వెంటనే ఉలిక్కిపడి, ఆ చేతినే బుగ్గ మీద పెట్టుకుని సిగ్గుపడింది. ఆ సిగ్గులో కూడా భుజాలు మాత్రం రాక్షసుడివే. నాలుగడుగులు హంసలా నడుస్తుంది, ఐదో అడుగు ధన్‌మని పడుతుంది. తబలా అతను సరిగ్గా ఆ ఐదో అడుగు కిందే దెబ్బ వేస్తున్నాడు. లక్ష్మణకుమారుడు చెయ్యి పట్టుకోబోయి వేళ్లు నలిగి గావుకేక పెట్టేసరికి అమ్మ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. ఆడపిల్ల శరీరంలో దూరిన మగ రాక్షసుణ్ణి, మళ్లీ ఒక ఆడపిల్లే నటించి చూపించాలి. ఎంత కష్టమో ఆలోచించు. ఎక్కడా గొంతు లావు చేసి అరవలేదు. అంతా ఆ చేతుల్లో, ఆ నడకలోనే.

సురభి పుట్టుకలోనే ఉంది ఈ విద్య. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు గారు కీచకవధ ఆడించి మొదలుపెట్టిన కుటుంబం కదా ఇది. అంతకుముందు వాళ్లవి తోలుబొమ్మలాటలు. ఆడవేషాలు మగవాళ్లే కట్టే రోజుల్లో, తమ ఇంటి ఆడవాళ్లే వేస్తారని స్టేజి ఎక్కించారు. అమ్మ, అత్త, కోడలు, మనవరాలు, అందరూ నటులే. ఆ మీసం తిప్పడం ఏ నాయనమ్మ దగ్గర నేర్చుకుందో ఆ పిల్ల!

ఇక విందు. అందరికీ తెలిసిన పాటే, అయినా హార్మోనియం ఎత్తుకోగానే హాలంతా చప్పట్లతో తాళం. ఘటోత్కచుడు నోరు తెరిస్తే లడ్లు ఒక్కొక్కటే పళ్లెంలోంచి లేచి నోట్లోకి వెళుతున్నాయి. మా సీట్లు ఓ పక్కకి ఉన్నాయన్నాను చూడు, అక్కణ్ణుంచి సైడ్ వింగ్ లోపల కొంచెం కనిపిస్తోంది. పదేళ్ల పిల్లాడు మోకాళ్ల మీద కూర్చుని, నల్లదారం చూపుడువేలికి చుట్టుకుని, ఘటోత్కచుడి నోటి వంక రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. పాటలో మాట పడగానే సుతారంగా ఒక్క లాగు. వాడి వెనకే ఒకావిడ చంటిబిడ్డని భుజాన వేసుకుని జోకొడుతోంది. కాసేపటికి బిడ్డని ఇంకొకరి చేతికిచ్చి, కొంగు సవరించుకుని లైట్లలోకి వచ్చింది. ఆవిడే రేవతీదేవి! మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "నాన్నా, దారం కనిపిస్తోంది, అయినా లడ్డు దానంతటదే వెళుతున్నట్టే ఉంది" అంది. నాకు మాట రాలేదు బావా. మన చిన్నప్పుడు మనమూ దారం కోసమే వెతికేవాళ్లం, గుర్తుందా? కనిపించేంత దగ్గరగా ఎప్పుడూ కూర్చోలేదు.

వెనక వరసలో ఓ పెద్దాయన కృష్ణుడి పద్యానికి "వన్స్ మోర్" అని కేకేశాడు. కృష్ణుడు చిరునవ్వు నవ్వి మళ్లీ పాడాడు, ఈసారి రాగం ఇంకాస్త సాగదీసి. అమ్మ పెదవులు కూడా కదులుతున్నాయి. ఆ పద్యం ఆవిడకి నోటికొచ్చని నాకు ఇన్నేళ్లూ తెలియదు.

ఒకప్పుడు పదుల సంఖ్యలో ఉండేవి సురభి సమాజాలు. ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఒక సమాజాన్ని నడిపించిన బాబ్జీ గారికి 2013లో పద్మశ్రీ వచ్చినప్పుడు మనం ఎంత సంబరపడ్డామో. ఆయనా 2022లో వెళ్లిపోయారు. ఒక్కో ప్రదర్శనకి ఆ తెరలు, కిరీటాలు, గదలు, మైకులు, ఇంతమంది మనుషులు లారీల్లో ఊరూరూ తిరగాలి. ఇవాళ హాలు నిండింది కాబట్టి నా మనసు కుదుటపడింది. సగం ఖాళీగా ఉంటే ఆ పదేళ్లవాడి మొహం చూడలేకపోయేవాణ్ణి.

బయటికొచ్చేటప్పుడు అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. స్కూటర్ దగ్గరకొచ్చాక నాయనమ్మ ముందు నిలబడి, నాలుగడుగులు హంసలా వేసి ఐదోది ధన్‌మని వేసింది. పార్కింగ్‌లో జనం ఆగి నవ్వారు. ఇంటికొచ్చినా అద్దం ముందు అదే పని.

ఇంకా వారంపాటు ఇక్కడే ఉంటారట. శనివారం పాతాళభైరవి. శుక్రవారం రాత్రి రైలెక్కితే పొద్దున్నకి దిగిపోతావు. చెల్లాయినీ పిల్లల్నీ తీసుకురా, అమ్మ పులసకి కాలం కాదుగానీ చేపల పులుసు పెడతానంటోంది. రెండో వరసలో ఎడమవైపు ఆరు సీట్లు చెప్పి ఉంచుతాను.

నీ
బావ